అలికిడి: గేమ్ మాడ్‌లో పాత్ర మనిషిలా నడవాలంటే

(ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును అలాగే ఉంచి, తిరిగి తిరిగి వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

నమస్కారం. ముందు ఒక క్లిప్ వినిపిస్తాను. ఏమిటో చెప్పను. కళ్లు మూసుకుని వినండి.

[క్లిప్]

ఎవరు నడుస్తున్నారు? గుర్రమా? [నవ్వులు] వెనకాల ఎవరో టైప్‌రైటర్ అన్నారు. అది కూడా బాగుంది. కాదండీ, మనిషే. నా మొదటి మాడ్‌లో, అంటే ఉన్న గేమ్‌నే నాకు నచ్చినట్టు మార్చి చేసినదానిలో, హీరో. బూట్లు మంచివి, మైకు మంచిది, రికార్డింగ్‌లో ఎక్కడా గరగర లేదు. ఒక్కో చప్పుడూ విడిగా వింటే అచ్చమైన అడుగే. వరసగా పేర్చేసరికి మనిషి మాయమైపోయాడు. ఆ మనిషి ఎక్కడ తప్పిపోయాడో వెతకడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీకు ఓ గంటలో చెప్పేస్తాను.

తెలుగులో మనకో సౌకర్యం ఉంది. చప్పుడు, సవ్వడి, అలికిడి అని మూడు మాటలున్నాయి. గిన్నె కింద పడితే చప్పుడు. ఆకులు కదిలితే సవ్వడి. అలికిడి మాత్రం ప్రాణిది. "పక్కగదిలో ఏదో అలికిడైంది" అన్నామంటే అక్కడ ఎవరో ఉన్నారని అర్థం. ఏం చేస్తున్నారో తెలియక్కర్లేదు, ఉన్నారు, అంతే. పాత్ర కదలికకు శబ్దాలు చేయడమంటే ఈ మూడోదాన్ని చేయడం. నా హార్డ్ డిస్క్‌లో ఆ ఫోల్డర్ పేరు కూడా 'అలికిడి'యే.

1993లో వచ్చిన డూమ్ ఆడినవాళ్లు ఉన్నారా? చాలామందే ఉన్నారు. అందులో మన సైనికుడి అడుగులు ఎలా వినిపిస్తాయి? గుర్తు తెచ్చుకోండి. ... అస్సలు వినిపించవు! తుపాకులున్నాయి, తలుపులున్నాయి, రాక్షసుల గురకలున్నాయి, అడుగుల చప్పుడు మాత్రం లేదు. అయినా ఆడుతున్నంతసేపూ మనకా లోటు తెలియదు. నేనిందులోంచి నేర్చుకున్నదేమిటంటే, లేని అడుగును ఆటగాడు క్షమిస్తాడు, తప్పుడు అడుగును క్షమించడు. సరైన శబ్దం కుదరకపోతే ఆ చోట ఏమీ పెట్టకండి. మాడ్ రిలీజ్ చేసే ముందురోజు రాత్రి ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఐదేళ్ల తర్వాత, 1998లో రెండు ఆటలొచ్చాయి. ఒకటి థీఫ్. అందులో అడుగుల చప్పుడే ఆట. రాతి పలకల మీద నడిస్తే కాపలావాడు తల తిప్పుతాడు, తివాచీ మీద నడిస్తే తిప్పడు. నేల మీద నాచు పరిచే బాణం ఒకటి ఇస్తారు, దాని పని అడుగుల చప్పుడు తగ్గించడమే. రెండోది హాఫ్-లైఫ్. మాడర్లకు అది తెరిచిన పుస్తకం లాంటిది. దాని సౌండ్ ఫోల్డర్‌లో మెటీరియల్స్ డాట్ టీఎక్స్‌టీ అని మామూలు టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. ఒక్కో లైన్‌లో ఒక అక్షరం, దాని పక్కన ఒక టెక్స్చర్ పేరు, అంటే నేల మీదో గోడ మీదో అతికించే బొమ్మ పేరు. ఎం అంటే లోహం, డి అంటే మట్టి, టి అంటే టైల్, డబ్ల్యూ అంటే చెక్క. కాలి కింద ఏ టెక్స్చర్ ఉందో ఇంజిన్, అంటే ఆటను నడిపించే సాఫ్ట్‌వేర్, చూస్తుంది, ఈ పట్టికలో వెతుకుతుంది, దాన్ని బట్టి శబ్దం ఎంచుకుంటుంది. పాతికేళ్లు దాటినా, ఇప్పటి పెద్ద ఇంజిన్లు కూడా మూలంలో చేసేది ఇదే.

అందులో ఇంకో సంగతి చూడండి. మామూలు నేలకు అడుగుల ఫైళ్లు నాలుగే ఉంటాయి. ఒక కాలికి రెండు, రెండో కాలికి రెండు. ప్రతిసారీ ఆ రెంటిలో ఒకటి చీటీ తీసినట్టు వస్తుంది. నడకలో రెండు అడుగుల మధ్య 400 మిల్లీసెకన్లు, పరుగులో 300. కోడ్‌లో ఈ అంకెలు కనబడగానే నేను కాగితం తీశాను. 300 మిల్లీసెకన్లకొక అడుగంటే నిమిషానికి 200 అడుగులు. మామూలుగా మనం నడిచేది నిమిషానికి 100 నుంచి 120 అడుగులు. జాగింగ్‌లో 160, 170 దాకా వెళతాం. అంటే ఆటలో మనిషి మనకంటే ఎప్పుడూ తొందరలోనే ఉంటాడు.

నా గుర్రం పుట్టింది ఇక్కడే! నేను తీరిగ్గా నడుస్తూ రికార్డు చేశాను. ఒక్కో అడుగు తోకతో, అంటే చివర సాగే మోతతో సహా దాదాపు అర సెకను ఉంది. దాన్ని 300 మిల్లీసెకన్ల గడియారానికి తగిలించాను. ఒక అడుగు తోక పోకముందే రెండోది మీద పడింది. రెండు కాళ్లవాడికి నాలుగు కాళ్లొచ్చేశాయి. [నవ్వులు] కాబట్టి రికార్డింగ్ మొదలెట్టక ముందే మీ గేమ్‌లో అడుక్కీ అడుక్కీ మధ్య ఎంత వ్యవధి ఉందో కొలవండి. ఆట వీడియో తీసి, ఫ్రేములు లెక్కపెట్టినా చాలు. ఆ వేగంతోనే నడుస్తూ రికార్డు చేయండి. పరుగు కావాలంటే నిజంగా పరుగెత్తండి. నడకను కత్తిరించి పరుగు చేస్తే, తొందరలో ఉన్నవాడు తీరిగ్గా కాలు మోపినట్టుంటుంది.

ఇప్పుడు ఒక్క అడుగును దగ్గరగా చూద్దాం. తెర మీద వేవ్‌ఫామ్, అంటే శబ్దాన్ని గీతగా గీసిన బొమ్మ, ఉంది. తోలు బూటు, చెక్క నేల. ఎడమ చివర నిటారుగా లేచిన గీత చూడండి, అది మడమ. 'టక్'. కుడివైపు జరగండి. ఇక్కడ సుమారు 100 మిల్లీసెకన్ల దగ్గర రెండో గుట్ట, కొంచెం పొట్టిది, కొంచెం లావుది. అది పాదం ముందు భాగం నేలకు ఆనడం. ఈ రెంటి మధ్యలో ఖాళీగా కనిపిస్తోంది కదా, దాన్ని పెద్దది చేస్తాను. సన్నటి గడ్డిలా ఏదో ఉంది. అరికాలు నేల మీద దొర్లుతున్నప్పుడు వచ్చే రాపిడి అది. మొదట్లో నేను దాన్ని నాయిస్ అనుకుని శుభ్రంగా తీసేసేవాణ్ని. టైప్‌రైటర్ పుట్టింది అక్కడ! మడమ 'టక్', వేళ్లు 'టప్', మధ్యలో ఏమీ లేదు. ఆ గడ్డిలోనే మనిషి బరువుంది.

బరువంటే గుర్తొచ్చింది. లావుపాటి పాత్ర కావాలంటే అందరూ చేసే పని పిచ్, అంటే శ్రుతి, తగ్గించడం. చేస్తే ఏమవుతుందో వినండి.

[క్లిప్]

బరువు పెరగలేదు, బూటు పెద్దదైంది. సినిమా స్లో మోషన్ లాగా కూడా ఉంది, ఎందుకంటే మామూలుగా పిచ్ తగ్గిస్తే శబ్దం సాగుతుంది. బరువైన మనిషి గట్టిగా కొట్టినట్టు నడవడు, నొక్కినట్టు నడుస్తాడు. మడమకీ వేళ్లకీ మధ్య దూరం 20, 30 మిల్లీసెకన్లు పెంచండి. మధ్యలోని రాపిడిని కాస్త పైకి లేపండి. కింది స్థాయిలో, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల, చిన్న దిమ్ము కలపండి, వినబడీ వినబడనట్టు. ఇప్పుడు వినండి. ... చూశారా, అదే బూటు, అదే మైకు. మనిషి మాత్రం మారాడు.

నేనొక అలవాటు పెట్టుకున్నాను. మైకు ముట్టుకోకముందు పాత్ర నడకను తెలుగులో ఒక మాటతో రాసుకుంటాను. చరచర నడిచాడా, దబదబా వచ్చాడా, టకటకమంటూ పోయిందా, ఈడ్చుకుంటూ వెళ్లాడా, పిల్లిలా జారుకున్నాడా. ఆలోచించండి, 'టకటక'లో గట్టి మడమ ఉంది, పొడి నేల ఉంది, తోక లేదు. 'దబదబ'లో పాదం మొత్తం ఒకేసారి పడుతుంది, కింద బోలుగా ఉంది. 'చరచర'లో చప్పుడుకంటే వేగమే ముందు వినిపిస్తుంది, బట్టల రాపిడి కూడా కలిసి ఉంది. ఒక్క మాటలో ఇన్ని సూచనలున్నాయి. టీమ్‌లో పనిచేస్తే ఇది మరీ పనికొస్తుంది. "మీడియం హెవీ లెదర్ వాక్" అని షీట్‌లో రాస్తే ముగ్గురు మూడు రకాలుగా చేస్తారు. "దబదబా మెట్లు దిగాడు" అని రాయండి, ముగ్గురూ ఒకటే చేస్తారు.

తెర మీద కదలికలకు శబ్దాలు చేసే ఈ పనిని సినిమాల్లో ఫోలీ అంటారు. దానికి ఆ పేరిచ్చిన జాక్ ఫోలీ కూడా 1920ల చివర యూనివర్సల్ స్టూడియోలో మొదలుపెట్టినప్పుడు తెర మీద నటుణ్ని చూస్తూ అతని నడకను తాను నడిచేవాడు. ముందు నటన, ఆ తర్వాతే శబ్దం. సినిమా ఫోలీ వాళ్లు ఇప్పటికీ పనిని మూడుగా విడదీస్తారు: అడుగులు, బట్టలు, వస్తువులు. మాడర్లు మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. నిజానికి అలికిడిలో సగం రెండోదానిలోనే ఉంది.

ఒక ప్రయోగం చేద్దాం. మీ చొక్కా చేతిని పట్టుకుని, నడుస్తున్నట్టు చెయ్యి ఊపండి. అందరూ. ... వినిపించిందా? ఇప్పుడు ఆ సవ్వడి ఎప్పుడొచ్చిందో గమనించండి. కాలు నేలకు తగిలినప్పుడు రాలేదు. కాలు గాల్లో ఉన్నప్పుడు, చెయ్యి మధ్యలో ఉన్నప్పుడు వచ్చింది. అంటే బట్టల శబ్దం అడుక్కీ అడుక్కీ మధ్య ఉండాలి. నేను మొదట్లో రెంటినీ ఒకే ఫైల్‌లో కలిపి పెట్టేవాణ్ని, రెండూ ఒకేసారి మోగేవి. చెవికి అది బట్టలా అనిపించలేదు, అడుగు మీద బురద పడ్డట్టనిపించింది. విడి ట్రాక్‌గా, రెండు అడుగుల మధ్య వ్యవధిలో సగం జరిపి, అడుగుకంటే 12 నుంచి 15 డెసిబెల్స్ తక్కువలో పెట్టండి. ఉన్నట్టు తెలియకూడదు, తీసేస్తే తెలియాలి.

లేయర్లు, అంటే శబ్దపు పొరలు, విడగొట్టడానికి ఇంకో కారణం లెక్క. మూడు రకాల పాదరక్షలు, ఎనిమిది రకాల నేలలు, నాలుగు కదలికలు, అంటే నక్కి నడవడం, నడక, పరుగు, దూకి దిగడం. ఒక్కోదానికి ఆరు రికార్డింగులు. మొత్తం 576 ఫైళ్లు. ఒక్కడివే చేస్తే మాడ్ రాదు, విరక్తి వస్తుంది. నేలను ఒక లేయర్‌గా, బూటును ఇంకో లేయర్‌గా విడిగా చేస్తే 192, 72, కలిపి 264. పైగా ఒక్కో కదలికకు నేల రికార్డింగులు ఆరు, బూటు రికార్డింగులు ఆరు ఆటలోనే కలుస్తాయి కాబట్టి 36 జతలు పుడతాయి. ఒకే శబ్దం రెండుసార్లు వరసగా రాకుండా మాత్రం చూసుకోండి. అలా వస్తే చెవి వెంటనే పట్టేస్తుంది, దాన్నే మెషిన్ గన్ ఎఫెక్ట్ అంటారు. ప్రతి అడుగుకీ పిచ్ అటూ ఇటూ ఒక సెమీటోన్ లోపే మార్చండి. ఒక సెమీటోన్ అంటే సంగీతంలో పక్కపక్క స్వరాల మధ్య తేడా, దాదాపు 6 శాతం. అది దాటితే అడుగడుక్కీ మనిషి పెరుగుతూ తరుగుతూ ఉంటాడు.

నేలల గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసినవే. మంచుకు తోలు సంచిలో మొక్కజొన్న పిండి పోసి నొక్కడం, గడ్డికి పాత టేపు చుట్టను నలపడం, ఇవి ఫోలీ వాళ్ల పాత చిట్కాలు. ఇప్పటికీ పనిచేస్తాయి. ఒక్కటే చెబుతాను: 'చెక్క' అనేది ఒక నేల కాదు. మట్టి మీద పరిచిన చెక్కకి కింద ఖాళీ లేదు. వంతెన చెక్కకి కింద గాలి ఉంది. రెంటికీ ఒకే ఫైల్ వాడితే ఆటగాడికి వంతెన మీద భయం వేయదు.

ఇక నేను చేసిన తప్పుల్లోకి వద్దాం, మీకు పనికొచ్చేవి ఇవే. మొదటిది, ఇంట్లో పొడుగాటి నడవాలో రాత్రిపూట రికార్డు చేశాను. ప్రశాంతంగా ఉందని సంబరపడ్డాను. గేమ్‌లో హీరో అడవిలో నడుస్తుంటే ప్రతి అడుగుకీ నడవా గోడలు మోగాయి. గది ప్రతిధ్వని ఒకసారి ఫైల్‌లోకి ఎక్కితే దిగదు. మందపాటి దుప్పట్లు చుట్టూ కట్టి రికార్డు చేయండి, ప్రతిధ్వని సంగతి ఇంజిన్ చూసుకుంటుంది.

రెండోది స్టీరియో. శత్రువు అడుగులు స్టీరియో ఫైళ్లుగా, అంటే ఎడమ కుడి చెవులకు వేర్వేరు చానెళ్లతో, పెట్టాను, వినసొంపుగా ఉన్నాయని. చాలా ఇంజిన్లలో స్టీరియో ఫైల్‌కి దిక్కు ఉండదు, ఆటగాడు ఎటు తిరిగినా ఒకేలా మోగుతుంది. ఒక ఆటగాడు రాశాడు: "శత్రువు నా తలలోనే నడుస్తున్నాడు" అని. నేను మెచ్చుకోలనుకున్నాను. [నవ్వులు] దిక్కు తెలియాల్సిన ప్రతి శబ్దం మోనోలోనే, అంటే ఒకే చానెల్‌లోనే, ఉండాలి.

మూడోదానికి నేను వారం రోజులు బలైపోయాను. అడుగు కాస్త ఆలస్యంగా పడుతున్నట్టుంది, ఎందుకో తెలియదు. యానిమేషన్‌ని తిట్టుకున్నాను, ఇంజిన్‌ని తిట్టుకున్నాను. 2011లో వచ్చిన స్కైరిమ్ లాంటి గేముల్లో యానిమేషన్ లోపలే 'ఫుట్ లెఫ్ట్', 'ఫుట్ రైట్' అని గుర్తులుంటాయి, పాదం తగిలిన ఫ్రేము దగ్గర శబ్దం మోగుతుంది. ఆ గుర్తులన్నీ జరిపి జరిపి చూశాను. చివరికి చూస్తే నా ఫైళ్ల మొదట్లో 40 మిల్లీసెకన్ల నిశ్శబ్దం! సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. అంటే రెండు ఫ్రేములు దాటి చప్పుడు వస్తోంది. ఫైల్ మొదలయ్యే చోటే మడమ ఉండాలి. దీనికి మందు కత్తెరే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం. మనమంతా నడవడం గురించే మాట్లాడుకుంటున్నాం. ఆగడం గురించి ఎవరూ మాట్లాడరు. చాలా మాడ్లలో పరుగెత్తుతున్న మనిషి బటన్ వదలగానే కరెంటు పోయినట్టు నిశ్శబ్దమైపోతాడు. నిజంగా పరుగెత్తుకొచ్చి ఆగితే ఏమవుతుంది? వెనక కాలు వచ్చి ముందు కాలి పక్కన చేరుతుంది, చిన్న అడుగు, సగం గొంతుతో. నడుముకి వేలాడేది ఏదైనా ఉంటే అది ఒక్కసారి ముందుకు ఊగి తగులుతుంది. బట్ట సర్దుకుంటుంది. తర్వాత ఒక ఊపిరి. ఈ నాలుగూ కలిపి సెకనులోపే. వినండి, ముందు లేకుండా, తర్వాత ఉండి.

[క్లిప్]

రెండోసారి మీలో కొందరు తల ఎత్తి చూశారు, నేను గమనించాను. అదే అలికిడి. దీనికొక షరతు పెట్టాను. కనీసం రెండు సెకన్లు కదిలాకే ఆగడం మోగాలి. లేకపోతే మూలన నక్కి అటూ ఇటూ ఒక్కో అడుగు జరిగే ఆటగాడికి ప్రతిసారీ నిట్టూర్పు వినిపించి ఒళ్లు మండుతుంది. ఇంకో షరతు, కీ నొక్కారా లేదా అని చూడకండి, నిజంగా ఎంత జరిగాడో చూడండి. గోడకు ముఖం ఆనించి ముందుకు నొక్కేవాళ్లు ప్రతి ఆటలోనూ ఉంటారు. వాళ్లు అక్కడే కవాతు చేస్తూ వినిపిస్తే మీ పని నవ్వులపాలు.

ఒక లెక్క చెప్పి ప్రశ్నలకు వస్తాను. మూడో వంతు సెకనుకొక అడుగనుకుంటే గంటలో 10,000 దాటుతాయి. మీ మాడ్‌లో ఇంతకంటే ఎక్కువసార్లు మోగే శబ్దం ఇంకోటి ఉండదు. తుపాకీ ఎంత గొప్పగా ఉన్నా సరే, ఆటగాడు గంటలకొద్దీ వినేది మీ బూట్లనే. మన చెవికి 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య శబ్దాలు బాగా తగులుతాయి. అడుగుల్లో ఆ మేరకు కాస్త తగ్గించండి. స్పీకర్లలో మొదటిసారి వింటే మొద్దుగా అనిపిస్తుంది. హెడ్‌ఫోన్‌లో రెండు గంటలు ఆడి చూసి అప్పుడు నిర్ణయించండి.

అడగండి.

— ఫోన్‌తో రికార్డు చేస్తే సరిపోతుందా?

నేర్చుకోవడానికి సరిపోతుంది. ఫోన్లు మాటల కోసం తయారైనవి, చాలా వాటిలో నాయిస్ తగ్గించే ఏర్పాటు దానంతటదే నడుస్తుంది. ఇందాక చూసిన గడ్డిని అదే కోసేస్తుంది. ఆపే వీలుంటే ఆపేయండి.

— వేరే గేమ్‌లోంచి ఫైళ్లు తీసుకోవచ్చా? ఎవరికి తెలుస్తుంది?

తెలుస్తుందండీ. ఆడేవాళ్ల చెవులు మనకంటే పాతవి, ఫలానా ఆటలో మెట్ల చప్పుడు అని ఇట్టే చెప్పేస్తారు. ఆ గేమ్ హక్కుదారులు మాడ్ కూడా తీసేయిస్తారు. శబ్దాలు పంచుకునే ఫ్రీసౌండ్ వెబ్‌సైట్ 2005 నుంచీ ఉంది, అక్కడ ఒక్కో శబ్దానికీ లైసెన్స్ రాసి ఉంటుంది. సీసీ జీరో, అంటే చేసినవాళ్లు హక్కులు వదులుకున్నది, అని ఉంటే నిశ్చింత. పేరు చెప్పాలని ఉంటే పేరు చెప్పండి, అందులో నామోషీ ఏముంది?

— మల్టీప్లేయర్‌లో వాడొచ్చా?

జాగ్రత్త. కౌంటర్-స్ట్రైక్ లాంటి ఆటల్లో అడుగుల చప్పుడు అలంకారం కాదు, సమాచారం. నెమ్మదిగా నడిస్తే వినిపించకపోవడం అక్కడ ఆట నియమం. మీరు అందంగా చేసిన బట్టల సవ్వడి ఒకడి చోటును బయటపెట్టేస్తుంది. అందుకే చాలా సర్వర్లు మార్చిన ఫైళ్లను రానివ్వవు. అది వాళ్ల హక్కు.

— చివరి ప్రశ్నండీ. నా మాడ్‌లో దెయ్యం ఉంది. దానికి అడుగుల చప్పుడు ఉండాలా?

[నవ్వులు] మంచి ప్రశ్న, ఎందుకంటే నేనూ ఒకటి చేశాను. పాదాలు పూర్తిగా తీసేశాను. బట్టల లేయర్ మాత్రం ఉంచాను, మనిషి నడిచే లయలోనే. ఆగడం దగ్గర ఒక్క మార్పు చేశాను. అది ఆగాక బట్ట సర్దుకోవడం ఆగదు, ఇంకో సెకనున్నర నడుస్తూనే ఉంటుంది. ఆ తర్వాత ఊపిరి ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. క్లిప్ ఉంది, వింటారా? లైట్లు తీసేయండి ఒకసారి.

[క్లిప్]

... సరే సరే, లైట్లు వేసేయండి.